డెస్టినేషన్ వెడ్డింగ్ వీడియోకి "ఈ పాటే కావాలి" అంటే ఏం చేయాలి?

ఈరోజు ఎపిసోడ్ పెళ్లి వీడియోలు తీసేవాళ్లకీ, పెళ్లి చేసుకోబోయేవాళ్లకీ కూడా. "మాకు ఈ పాటే కావాలి" అని క్లయింట్ అన్నాక ఏమేం చూసుకోవాలో మాట్లాడుకుందాం.

మామూలుగా ఎలా జరుగుతుందంటే, షూట్ అయిపోయిన నెలకి ఎడిటర్ వాట్సాప్‌లో "పాటలు పంపండి అండి" అని మెసేజ్ పెడతాడు. అమ్మాయి నాలుగు, అబ్బాయి మూడు, మధ్యలో వదిన గారు ఒకటి పంపుతారు. పెళ్లి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే ఎలాగో నెట్టుకొచ్చేయొచ్చు. ఒక షాట్ తక్కువైతే జంటని ఓ సాయంత్రం పిలిచి తీసుకోవచ్చు. ఉదయ్‌పూర్‌లో అది కుదరదు. పిచోలా సరస్సు మీద పడవ షాట్ మిస్ అయితే ఇక అంతే, దాని కోసం మళ్లీ ఎవరూ టికెట్లు కొనరు. అందుకే కనీసం టీజర్ పాట, హైలైట్ పాట ఫ్లైట్ ఎక్కకముందే ఫిక్స్ అవ్వాలి.

ఎందుకో లెక్కతో చెప్తాను, బీటెక్ బుద్ధి ఎక్కడికి పోతుంది! నిమిషానికి 100 బీట్లున్న పాట తీసుకోండి. ఒక్కో బీట్ 0.6 సెకను. టైమ్‌లైన్ 25 ఫ్రేములైతే బీట్‌కి సరిగ్గా 15 ఫ్రేములు. నాలుగు బీట్లకి ఒక కట్ పెడితే షాట్ 2.4 సెకన్లు, మూడు నిమిషాల వీడియోకి 75 షాట్లు కావాలి. అదే 60 బీట్ల మెలొడీ అయితే షాట్ నాలుగు సెకన్లు, 45 చాలు. కానీ ఆ నాలుగు సెకన్లూ కెమెరా వణక్కుండా మెల్లగా కదలాలి. పాట తెలిస్తే కెమెరామన్ ఎలా నడవాలో కూడా తెలుస్తుంది. తెలియకపోతే "ఎందుకైనా మంచిది" అని అన్నీ స్లో మోషన్‌లో తీసుకొచ్చేస్తాం. మాస్ బీట్ మీద అవి నీళ్లచారులా ఉంటాయి.

జంట పాటకి పెదాలు కలపాలంటే ఒక పద్ధతి ఉంది. స్పీకర్‌లో పాటని రెట్టింపు స్పీడ్‌లో వేసి 50 ఫ్రేములతో తీయండి. ఎడిట్‌లో 25కి దించితే కదలికలు స్లో మోషన్‌లో ఉంటాయి, పెదాలు అసలు పాటతో కలుస్తాయి. షటర్ 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు ఫ్లికర్ అయ్యే గొడవ తగ్గుతుంది.

సంగీత్ డాన్స్‌కి మాత్రం వాళ్లు ఆడిన పాటే పెట్టాలి. వేరే పాట వేస్తే స్టెప్పులు కలవవు, ఎంత మంచి ఎడిటర్ అయినా ఏమీ చేయలేడు. డీజే మిక్సర్ నుంచి రికార్డర్‌కి ఒక లైన్ తీసుకోండి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో, మాంగల్యధారణప్పుడు నేనైతే పాట ఆపేస్తాను. గట్టిమేళం ఉండగా ఇంకో పాటెందుకండీ? అప్పగింతల్లో కూడా అంతే. నాన్న గొంతు వణుకుతూ ఒక మాట అంటారు, దాన్ని పాట మింగేయకూడదు. ఆయనకి ముందే ఒక కాలర్ మైక్ పెట్టించండి.

ఇప్పుడు అసలు సమస్య, కాపీరైట్. "పెళ్లిలో పాటలకి లైసెన్స్ అక్కర్లేదట కదా" అంటారు. సగం నిజం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్ఏ) ప్రకారం మతపరమైన వేడుకల్లో పాట వేయడం ఉల్లంఘన కాదు, పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలు కూడా అందులోకే వస్తాయి. 2023 జూలైలో కేంద్రం ఇదే గుర్తు చేస్తూ నోటీసు ఇచ్చింది. గోవా ప్రభుత్వం 2024 జనవరిలో ఇచ్చిన సర్క్యులర్‌ని మాత్రం అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు గోవా బెంచ్ కొట్టేసింది. ఈ గొడవంతా మండపంలో, వేడుకలో పాట వేయడం గురించి. అదే పాటని వీడియోకి అతికించి యూట్యూబ్‌లో పెట్టడం వేరే పని, దానికి ఆ మినహాయింపు సరిపోదు.

యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ పాటని పట్టుకుంటే సాధారణంగా వచ్చేది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. యాడ్ డబ్బులు పాట ఓనర్‌కి వెళ్లొచ్చు, లేదా కొన్ని దేశాల్లో వీడియో బ్లాక్ అవ్వొచ్చు. డల్లాస్‌లో ఉన్న పిన్నికి వీడియో తెరుచుకోకపోతే పెళ్లికూతురు ఫోన్ చేసేది మీకే. 30 సెకన్లలోపు అయితే పర్లేదు అనే రూల్ ఎక్కడా లేదు. పిచ్ కొంచెం మార్చి వేసే తెలివితేటలు వద్దు, పాట పాడవుతుంది, హక్కు మాత్రం రాదు. ఎవరితోనైనా కవర్ పాడించినా రికార్డింగ్ హక్కు సమస్య ఒక్కటే తీరుతుంది, సాహిత్యం, ట్యూన్ హక్కులు అలాగే ఉంటాయి.

కాబట్టి అగ్రిమెంట్‌లోనే రెండు వీడియోలు అని రాసుకోండి. క్లయింట్ పాటతో ఒకటి, ఇంట్లో చూసుకోవడానికి, పెన్‌డ్రైవ్‌లో. పబ్లిక్‌గా పెట్టేది ఇంకొకటి, లైసెన్స్ ఉన్న మ్యూజిక్‌తో. మొదటిదానికి హక్కు వచ్చేసిందని కాదు, కనీసం నలుగురి ముందూ బ్లాక్ అయ్యే పరిస్థితి రాదు. లైసెన్స్ మీ ఛానల్‌కి మాత్రమేనా, క్లయింట్ అకౌంట్‌కి కూడానా అన్నది చదివి మరీ కొనండి.

రెండో వీడియోకి నాకు బాగా నచ్చిన దారి ఒకటుంది. సన్నాయి బృందాన్ని మన ఊరి నుంచి తీసుకెళ్తారు కదా, పెళ్లికి ముందు రోజు ఓ పది నిమిషాలు గాలి లేని చోట కూర్చోబెట్టి మంచి మైక్‌తో రికార్డు చేయండి. త్యాగరాజు 1847లో పోయారు, ఆయన కీర్తనలకి ఇప్పుడు కాపీరైట్ లేదు. అన్నమయ్యతో కాస్త జాగ్రత్త. సాహిత్యం పాతదే, కానీ మనం వినే చాలా ట్యూన్లు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. వాయించినవాళ్లకీ హక్కులుంటాయి, కాబట్టి ఒక కాగితం మీద అనుమతి రాయించుకోండి, దానికి విడిగా డబ్బులివ్వండి. పెళ్లి డబ్బుల్లో కలిపేయకండి.