సర్వపిండి

సర్వపిండి తెలంగాణ ప్రాంతానికి చెందిన ఒక కారపు పిండివంట. బియ్యపు పిండిలో పల్లీలు (వేరుశనగ గింజలు), నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిపాయలు, కారము కలిపి, ఆ ముద్దను లోతైన పాత్ర లోపలివైపు పలుచగా అద్ది, మూతపెట్టి సన్నని సెగపై కాలుస్తారు. అడుగుభాగం కరకరలాడుతూ, పైభాగం మెత్తగా ఉండటం దీని ప్రత్యేకత. ఫ్రాన్సు దేశంలో పిండి పొరపై కూరగాయలు పరచి ఓవెన్‌లో కాల్చే కారపు టార్ట్‌కు మన ఇళ్ళలో దగ్గరి పోలిక వెదికితే మొదట తట్టేది ఈ వంటకమే. అయితే దీనికి ఓవెన్ గాని, మైదా గాని, వెన్న గాని అవసరం లేదు.

పేరు

సర్వ అనగా వంటకు వాడే ఒక లోతైన పాత్ర. సర్వలో చేసే పిండివంట గనుక సర్వపిండి అనే పేరు వచ్చింది. ఇదే వంటకాన్ని సర్వప్ప, గిన్నప్ప, తపాల చెక్క అని కూడా పిలుస్తారు. వీటన్నిటిలోను వినిపించేది పాత్ర పేరే కావటం గమనించదగ్గది. తపాల చెక్కలోని తపాలకు ఉత్తరాలతో ఎట్టి సంబంధము లేదు, అది తపేలాకు మరో రూపము. ఒక వంటకానికి ఇన్ని పేర్లుండి, వాటిలో ఒక్కటి కూడా అందులో వేసే దినుసును సూచించకపోవటానికి కారణం ఉంది. ఇవే దినుసులతో పిండి కలిపి నూనెలో వేయిస్తే కోస్తా జిల్లాలవారి చెక్కలను పోలిన వంటకం తయారవుతుంది. సర్వపిండిని వేరుచేసేది పాత్ర, అందులో కాల్చే పద్ధతి.

కల్వకుర్తి ప్రాంతము, పల్లీలు

పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన కల్వకుర్తి పరిసరాలు వర్షాధారపు మెట్ట ప్రాంతము. ఎర్ర చెలక నేలలకు వేరుశనగ అనువైన పంట. నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాలలో దీనిని యాసంగిలో విస్తారంగా వేస్తారు. ఈ ప్రాంతంలో ఒకప్పుడు రోజువారీ ఆహారం జొన్నరొట్టె, జొన్నగటక. బోర్లు, ఆ తరువాత శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని తోడే మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చిన మీదట వరి సాగు పెరిగింది. వేరుశనగ, మిరప రెండూ అమెరికా ఖండాల నుండి వచ్చిన పంటలు గనుక, నేడు మనం తినే రూపంలో సర్వపిండి అతి ప్రాచీనమైనది కాజాలదు.

కావలసిన పదార్థాలు

నాలుగు సర్వపిండ్లకు రెండు కప్పుల (సుమారు 300 గ్రాములు) బియ్యపు పిండి సరిపోతుంది. దానికి పావు కప్పు వేయించిన పల్లీలు, రెండు పెద్ద చెంచాల నువ్వులు, గంటసేపు నానబెట్టిన రెండు పెద్ద చెంచాల శనగపప్పు, సన్నగా తరిగిన ఒక పెద్ద ఉల్లిపాయ లేదా గుప్పెడు ఉల్లాకు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, జీలకర్ర, కరివేపాకు, కొత్తిమీర, తగినంత ఉప్పు, కారము కావాలి. ఎండు కారానికి బదులు పచ్చిమిరపకాయలు నూరి వేసేవారూ ఉన్నారు. సొరకాయ తురుము కలిపితే పిండి మరింత మెత్తగా వస్తుంది, అప్పుడు నీరు బాగా తగ్గించాలి.

పల్లీలను కచ్చాపచ్చాగా దంచాలి. గింజలు పూర్తిగా ఉంటే అద్దేటప్పుడు పిండి అక్కడ చీలిపోతుంది, మెత్తని పొడి చేస్తే పంటి కింద తగలవు. బూజు పట్టిన, ముడుతలు పడిన, చేదుగా ఉన్న గింజలను ఏరి పారవేయాలి. బూజు వలన గింజలలో చేరే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థము మామూలు వంట వేడికి నశించదు.

తయారుచేయు విధానము

పొడి పిండిలో ముందుగా ఉల్లిపాయలు, ఉప్పు వేసి చేతితో నలపాలి. ఉప్పు తగిలిన ఉల్లి నీరు వదులుతుంది గనుక ఆ తరువాతే మిగిలిన దినుసులు కలిపి, వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోయాలి. గోధుమపిండిలో సాగే గుణమునిచ్చే గ్లూటెన్ బియ్యంలో లేదు. వేడినీటికి పిండిలోని గంజిపదార్థము కొంత ఉబ్బి జిగురుగా మారి, ముద్ద విడిపోకుండా పట్టి ఉంచుతుంది. చన్నీళ్ళతో కలిపితే అంచులు పగులుతాయి. ముద్ద చపాతీ పిండి కంటే కొంచెం వదులుగా ఉండాలి.

చల్లని పాత్ర లోపల నూనె రాసి, నారింజకాయంత ముద్దను అడుగున ఉంచి, తడిచేతితో అంచులవైపు వత్తుతూ సుమారు అర సెంటీమీటరు మందాన పరచాలి. వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి, వాటిలోను అంచుల వెంబడి చెంచా నూనె వేసి మూతపెట్టాలి. సన్నని సెగపై పది పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదట చిటపట శబ్దం బాగా వినిపిస్తుంది. పిండిలోని నీరు ఆవిరైన కొద్దీ అది తగ్గుతుంది, అంచులు పాత్రను వదలుతాయి. అప్పుడు మూత తీసి మరొక నిమిషం ఉంచి, అట్లకాడతో తీయాలి. సాధారణంగా రెండోవైపు తిప్పరు.

కొత్తగా చేసేవారు పొరబడేది రెండవ వాయి దగ్గరే. వేడి పాత్రలో ముద్ద పెడితే అది తగిలిన చోటే అంటుకొని పరచటానికి లొంగదు, వేళ్ళూ కాలుతాయి. అందువలన పాత్రను బోర్లించి అడుగున నీళ్ళు పోసి చల్లార్చి, తుడిచి మరల అద్దుతారు. పెద్ద కుటుంబాలలో రెండు మూడు పాత్రలను మార్చి మార్చి వాడతారు.

రంధ్రాల ప్రయోజనము

రంధ్రాలు అందానికి చేసినవి కావు. వాటి గుండా నూనె అడుగుకు చేరి పిండిని వేయిస్తుంది, అడుగున పుట్టిన ఆవిరి అదే దారిన బయటకు వస్తుంది. ఆ ఆవిరి మూత కింద నిలిచి పైభాగాన్ని ఉడికిస్తుంది. అనగా ఒకే పాత్రలో కింద వేపుడు, పైన ఉడకటం ఏకకాలంలో జరుగుతాయి. ఫ్రెంచి టార్ట్ చేసేవారు కూడా పిండి పొరను ఫోర్కుతో పొడుస్తారు, అక్కడ ఉద్దేశము ఆవిరికి పొర ఉబ్బకుండా చూడటం మాత్రమే. టార్ట్‌లో వెన్న మైదాలోని గ్లూటెన్‌ను సాగనీయక పొరను గుల్లగా చేస్తుంది. బియ్యంలో గ్లూటెనే లేదు గనుక సర్వపిండికి ఆ పని పడదు. లొరేన్ ప్రాంతపు కీష్ వంటి ప్రసిద్ధ టార్ట్‌లలో గుడ్డు, మీగడ, పంది మాంసము ఉంటాయి. మాంసము తీసివేసినా గుడ్డు మిగులుతుంది గనుక మన శాకాహారులకు అది పనికిరాదు.

కర్ణాటకలోని అక్కి రొట్టి, మహారాష్ట్రలోని థాలీపీఠ్ కూడా చేతితో వత్తి కాల్చేవే, కాని వాటిని ఎక్కువగా పెనంపై చేస్తారు. ఈ రోజులలో సర్వపిండిని కూడా చదునైన నాన్‌స్టిక్ పెనంపై చేయటం పరిపాటి అయింది. తీయటం సులభమే గాని, గుండ్రని అడుగున నూనె మధ్యకు జారి చేరటం, అంచులు పలుచబడి ఎర్రగా కాలటం అందులో ఉండవు. మందమైన అడుగున్న మూకుడు ఇంతకంటే మేలు.

వడ్డన

వేడిగా ఉన్నప్పుడు ముక్కలుగా తుంచి పెరుగు, వెన్న లేదా పచ్చడితో తింటారు. ఉల్లిపాయ వేసినది ఆ రోజే తినాలి. ప్రయాణానికి కట్టుకొని వెళ్ళదలచినవారు ఉల్లి మాని, పలుచగా అద్ది మరికొంతసేపు కాల్చుకుంటే మరునాటికి కూడా బాగుంటుంది.