గుప్తపేటిక దారిలో జంటనగరాల కలయిక

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి రాజధానికి పోవు బస్సు ముందుగా జూబిలీ బస్ స్టేషన్‌లో ఆగును. అక్కడ దిగి మనము "హైదరాబాదు చేరినాము" అని ఇంటికి కబురు చేయుదుము. నిజమునకు మనము దిగినది సికింద్రాబాదులో. ఈ చిన్న పొరపాటులో ఒక పెద్ద చరిత్ర దాగియున్నది. రెండు పట్టణములు ఒకటైనప్పుడు ఏది మిగులును, ఏది మరుగునపడును అను ప్రశ్నయే ఆ చరిత్ర. దానిని ఒక ఆట రూపమున ఎట్లు తెలిసికొనవచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచినాము.

ఆ ఆట పేరు జియోకాషింగ్. 'జియో' అనగా భూమి, 'కాష్' అనగా దాచిన వస్తువు. ఒకరు ఒక చిన్న డబ్బాను ఎక్కడనో దాచి, ఆ చోటు యొక్క అక్షాంశ రేఖాంశములను ప్రకటింతురు. ఇతరులు ఆ అంకెల సాయముతో వెదకి, దొరికిన పిదప లోపలి పుస్తకములో పేరు వ్రాసి, డబ్బాను యథాస్థానమున ఉంచుదురు. లోపలి వస్తువును తీసికొన్నచో దానికి సమానమైనదో, అంతకు మించినదో ఉంచవలెనన్నది మర్యాద.

ఈ ఆట పుట్టుక కూడ విచిత్రమైనదే. 2000 మే నెల ఆరంభము వరకు అమెరికా ప్రభుత్వము తన జి.పి.ఎస్. ఉపగ్రహముల సంకేతములలో సామాన్య జనుల కొరకు కావలెననియే కొంత దోషమును కలుపుచుండెను. అందువలన సాధనము వంద మీటర్ల వరకు తప్పు చూపుచుండెను. మే 2వ తేదీన ఆ దోషమును తొలగించిరి. మరునాడే ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ ఉల్మర్ అను వ్యక్తి ఒక బకెట్టును దాచి, దాని స్థానమును నలుగురికి తెలిపెను. నేడు చేతిలోని ఫోను నాలుగు లేక అంతకెక్కువ ఉపగ్రహముల సంకేతములను అందుకొని, అవి చేరుటకు పట్టిన కాలమును బట్టి మన స్థానమును కొద్ది మీటర్ల తేడాతో చెప్పగలుగుచున్నది.

ఇక లెక్కకు వత్తము. అక్షాంశములో ఒక నిమిషము సుమారు 1.85 కిలోమీటర్లు. చార్మినార్ ఉన్నది 17 డిగ్రీల 21.7 నిమిషముల ఉత్తర అక్షాంశమున. సికింద్రాబాదు రైల్వే స్టేషన్ ఉన్నది 17 డిగ్రీల 26 నిమిషములకు సమీపమున. భేదము 4.3 నిమిషములు, అనగా ఉత్తరమునకు సుమారు 8 కిలోమీటర్లు. ఈ ఎనిమిది కిలోమీటర్ల ఎడము చెరుగుటకు, సికింద్రాబాదుకు పేరు పెట్టిన 1806 నుండి లెక్కించినచో, 154 సంవత్సరములు పట్టినది.

ఈ దారిలో ఐదు మజిలీలను ఊహింతము. మొదటిది చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరమును నిర్మించెను. రెండవది కోఠిలోని రెసిడెన్సీ భవనము. 1798లో రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందము చేసికొనెను. తరువాతి కొద్ది యేండ్లలోనే ఆంగ్లేయ ప్రతినిధి నివాసముగా ఈ భవనము లేచినది. ఒప్పందము ప్రకారము వచ్చిన సైన్యము హుస్సేన్‌సాగరమునకు ఆవలి ఒడ్డున విడిది చేసెను. ఆ విడిదికి 1806లో మూడవ నిజాం సికిందర్‌జా పేరిట సికింద్రాబాదు అను నామకరణము జరిగినది. అయితే జనులు దానిని 'లష్కర్' అనిరి. ఉర్దూలో ఆ మాటకు సైన్యమని అర్థము.

మూడవ మజిలీ ట్యాంక్‌బండ్. హుస్సేన్‌సాగరము ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, హైదరాబాదు కంటె ముందే త్రవ్వబడినది. దాని కట్టయే రెండు నగరములకు వంతెన. కట్టకు ఈవల నిజాం నాణెము హాలీ సిక్కా, ఆవలి కంటోన్మెంటులో ఆంగ్లేయుల కల్దార్ రూపాయి. ఆరు కల్దారులకు సుమారు ఏడు హాలీ సిక్కాలు. ఒక చెరువు కట్ట దాటినంతనే జేబులోని రూపాయి విలువ మారుచుండెనన్న మాట.

నాలుగవది సికింద్రాబాదు గడియార స్తంభము. ఇది 1897లో ప్రారంభమైనది. వాడి నుండి రైలు సికింద్రాబాదుకు వచ్చినది 1874లో. ఇక్కడ ఒక చిక్కుప్రశ్న పెట్టవచ్చును: గడియారపు సంవత్సరము నుండి రైలు సంవత్సరమును తీసివేయుడు. వచ్చిన 23ను తరువాతి మజిలీ అంకెలలో చేర్చుకొనుడు. తేదీలను బట్టీపట్టని విద్యార్థి కూడ ఈ విధముగా వానిని మరువడు.

ఐదవది ఉజ్జయినీ మహాకాళి ఆలయము. ఆషాఢమున బోనాలు గోల్కొండలో మొదలై, లష్కరులో జరిగి, ఆ పిమ్మట పాతబస్తీ లాల్‌దర్వాజకు చేరును. నేటికిని ఆ పండుగకు 'లష్కర్ బోనాలు' అనియే పేరు.

ఇక కలయిక మాట. 1950లో రెండు నగరములకు వేర్వేరు కార్పొరేషన్లు ఏర్పడినవి. 1960లో సికింద్రాబాదు కార్పొరేషన్ హైదరాబాదులో కలిసినది. కంటోన్మెంటు ప్రాంతము మాత్రము తన బోర్డుతో విడిగానే నిలిచినది. 2007లో చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు చేరి మహానగర కార్పొరేషన్ ఏర్పడినది. యూరపులో డాన్యూబు నదికి ఇరువైపుల ఉన్న బుడా, పెస్ట్ నగరములు ఓబుడాతో కూడి 1873లో బుడాపెస్ట్ అయినవి. అక్కడ రెండు పేర్లును ఒకే మాటలో నిలిచినవి. ఇక్కడ ఒక పేరు కాగితములపై మరొక దానిలో చేరినది.

అయినను సికింద్రాబాదు పేరు చెరగలేదు. కలిసిన ఆరేండ్లకు, 1966లో, దక్షిణమధ్య రైల్వే అక్కడనే ముఖ్య కార్యాలయముతో ఏర్పడినది. లోక్‌సభకు ఆ పేరుతో ప్రత్యేక నియోజకవర్గము కలదు. జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డుగా మారినను, పాత పేరు ఒక రైలు నిలయమునకు మిగిలినది. పరిపాలన కలుపుట ఒక ఉత్తర్వుతో జరుగును. జ్ఞాపకములు కలియుట అట్లు జరుగదు. రైలు, పండుగ, ఉత్తరముపై వ్రాయు చిరునామా, ఇవి పట్టుకొన్న పేరును ఏ ఉత్తర్వును తుడిచివేయలేదు. ఇట్టి ఆధారము లేని పేరు ఒక తరములోనే మాయమగును.

ఒక హెచ్చరిక కూడ అవసరము. మన దేశమున రైల్వే స్టేషనులు, సైనిక స్థలములు, ప్రార్థనా మందిరముల వద్ద డబ్బాలు దాచుట తగదు. అది అనుమానమునకు, భయమునకు దారితీయును. కావున ఇట్టి చోట్ల పేటిక లేని ఆటయే మేలు. శిలాఫలకముపై సంవత్సరమును చదివి జవాబు వ్రాసిన చాలును.

ఇదంతయు మనకెందుకని కొందరు అడుగవచ్చును. మన పట్టణములు కూడ పెరుగుచున్నవి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఒకే జాతీయ రహదారిపై ఉన్నవి. సిరిసిల్ల తన మగ్గముల చప్పుడుతో మానేరు ఒడ్డున విస్తరించుచున్నది. ఊరు పట్టణములో కలిసినపుడు దాని పేరు ముందు వార్డు అంకెగా మారును, పిదప ముసలివారి నోట మాత్రమే మిగులును. బావికి, దర్గాకు, గుడికి, అంగడికి ఉన్న పాత పేర్లను వారినడిగి వ్రాసికొనుట మన చేతిలోని పని. జగిత్యాల కోట బురుజుల నుండి మొదలుపెట్టి, ఉర్దూ తెలిసినవారు ఉర్దూ పేర్లను, తెలుగు తెలిసినవారు తెలుగు పేర్లను సేకరించి, ఒక్కొక్క దానికి అక్షాంశ రేఖాంశములు చేర్చినచో అదియే మన గుప్తపేటిక. ఇందులోనికి వచ్చువారు ఒక పేరు తీసికొని, మరొక పేరు ఉంచి పోవలెను. ఈ సెలవులలో ఒక్కొక్కరము మన వీధిలోని ఒక్క పేరుతో ఈ పనిని ఆరంభింతము.