కింగ్ హెన్రీ రోడ్డులో పదవ నంబరు ఇల్లు

ఇంటికి విలువ గోడల వలననా, అందు వసించిన వారి వలననా? ఈ ప్రశ్నకు లండనులోని ఒక ఇంటి చరిత్ర సమాధానము చెప్పుచున్నది.

నగరమధ్యమునకు వాయవ్యమున ప్రింరోజ్ హిల్ అను పచ్చని గుట్ట కలదు. దాని చేరువ, కింగ్ హెన్రీ రోడ్డులో, పదవ నంబరు ఇల్లు ఉన్నది. విక్టోరియా రాణి కాలమున (1837–1901) ఇట్టి ఇండ్లను గోడకు గోడ ఆనించి బారులుగా కట్టిరి. నగరమున నేల ప్రియము. కావున ఇల్లు వెడల్పు తగ్గి ఎత్తు పెరిగెను.

1921–22లో డాక్టరు అంబేడ్కరు ఈ ఇంట బస చేసిరి. అప్పుడాయన లండను స్కూల్ ఆఫ్ ఎకనమిక్సులో అర్థశాస్త్రమును, గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రమును అభ్యసించుచుండిరి. రూపాయి సమస్యపై ఆయన రచించిన గ్రంథము 1923లో వెలువడెను.

2015లో మహారాష్ట్ర ప్రభుత్వము ఈ ఇంటిని కొని స్మారకశాలగా మార్చెను. కాని నివాసగృహమును అన్యప్రయోజనమునకు మార్చుటకు అచట అనుమతి ఆవశ్యకము. నగరమున ఒక నివాసము తగ్గునని కామ్డెన్ స్థానిక మండలి 2018లో అనుమతి నిరాకరించెను. సందర్శకుల సందడి తమకు ఇబ్బంది యని కొందరు పొరుగువారు పలికిరి. ఇండ్ల కరవు గల నగరమున ఈ వాదనలను తేలికగా త్రోసివేయరాదని మేము తలంచెదము. 2019లో బహిరంగ విచారణ జరిగెను. స్మారకము యొక్క ప్రాముఖ్యమే అధికమని 2020 మార్చిలో బ్రిటిషు ప్రభుత్వము అనుమతి నొసగెను.

నాటి విద్యార్థి పిమ్మట మన రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షులైరి. ఒక కుటుంబమునకు నీడనీయదగిన ఆ ఇల్లు నేడు ఆ చదువును అందరికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది.