పెంకు వలిచి తీసిన కోడిపిల్ల

నేను ఎనిమిదవ తరగతి చదువుచున్నప్పుడు మా పెరటిలో పొదుగుపెట్ట క్రింద పది గ్రుడ్లు పెట్టితిమి. 21వ నాటి సాయంకాలమునకు ఎనిమిది పిల్లలు బయటపడినవి. తొమ్మిదవ గ్రుడ్డుకు మాత్రము ఉదయము పడిన చిన్న చిల్లు అట్లే యుండెను. లోపలినుండి సన్నని కూత వినబడుచుండెను. “ఇప్పుడే ముట్టుకోకురా, అదింకా తెములుకోలేదు” అని మా అమ్మ చెప్పుచున్నను వినక గోటితో పెంకు వలిచితిని. పొరపై నెత్తుటి చారలు కనబడినవి. బయటికి వచ్చిన పిల్ల పొట్టక్రింద పచ్చసొన సంచి వ్రేలాడుచుండెను. తెల్లవారక ముందే అది చనిపోయెను.

చలికి తట్టుకొనలేక పోయినదని చాలకాలము అనుకొంటిని. జంతుశాస్త్రము చదివిన పిదపగాని సంగతి తెలియలేదు. పెంకులో దానికి కావలసియుండిన కొన్ని గంటల కాలమును నేను తీసివేసితిని. ఆ గంటలలో ఏమి జరుగును?

కోడిగ్రుడ్డు పొదుగుటకు 21 దినములు పట్టును. అందు చాలభాగము పిల్ల ఊపిరితిత్తులతో గాలి పీల్చదు. పెంకుకు వేలకొలది సూక్ష్మరంధ్రములున్నవి. పెంకును ఆనుకొనియున్న పొరలో రక్తనాళములు వలవలె అల్లుకొని, ఆ రంధ్రములగుండ వచ్చు ప్రాణవాయువును పిల్లకు అందించుచుండును. సుమారు 19వ, 20వ దినములలో పిల్ల గ్రుడ్డు మొద్దుకొననున్న గాలిగదిలోనికి ముక్కు పొడిచి మొదటిసారి ఊపిరి తీయును. ఆ గదిలోని గాలి కొలదిదే. అందు బొగ్గుపులుసు వాయువు పెరుగగా మెడవెనుక కండరము అదరి, పైముక్కు కొననున్న ‘గ్రుడ్డుపన్ను’ అను గట్టి మొన పెంకును చిట్లించును. అదియే మనకు కనబడు చిల్లు.

చిల్లు పడిన తరువాత పిల్ల చాలసేపు కదలక యుండును. చూచువారికి అది అలసిపోయినట్లు తోచును. కాని అప్పుడే లోపల రెండు ముఖ్యమైన పనులు ముగింపునకు వచ్చుచుండును. పొరలోని రక్తము క్రమముగా పిల్ల దేహములోనికి చేరి నాళములు ఎండిపోవును. పచ్చసొన సంచి కడుపులోనికి పూర్తిగా లాగబడి బొడ్డు మూసుకొనును. ఇందుకు సాధారణముగా 12 మొదలు 24 గంటలు పట్టును.

కాబట్టి చిల్లు పడి ఒక దినము గడవనిదే గ్రుడ్డు జోలికి పోరాదు. ఆపైనను చిల్లు పెరుగక, పొర కాగితమువలె ఎండి పిల్లకు అంటుకొనియున్నచో సాయము అవసరము కావచ్చును. గాలిలో తేమ చాలకపోవుట, పొదుగుయంత్రము మూతను మాటిమాటికి తెరచుట దీనికి తరచుగా కనబడు కారణములు. పిల్ల ముక్కురంధ్రములను తప్పించి, గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో పొరను తడిపినచో లోపలి నాళములు కనబడును. ఎర్రని నాళములున్నచో చేయి తీసివేసి, కొన్ని గంటలు ఆగవలెను. లేనిచో గాలిగదిమీది పెంకును కొంచెము కొంచెముగా తీసి, తలను విడిపించి, కాళ్లతో తన్నుకొని వెలువడుటను పిల్లకే విడువవలెను.

ఇట్లు పుట్టిన పిల్లకు కావలసినదేమి? గ్రుడ్డులో వెచ్చదనము, తేమ, నెమ్మది ఉండెను. ఈ మూడింటిని బయట మరికొంతకాలము కల్పించుటయే సంరక్షణ. యంత్రములో పొదిగించినవారు పిల్లను అందులోనే 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, 65 మొదలు 70 శాతము తేమలో ఉంచి, నూగు ఆరి విచ్చుకొనువరకు కదల్పరాదు. గుడ్డతో రుద్ది ఆరబెట్టుట తప్పు. అంటుకొనియున్న పెంకుముక్కను గాని, బొడ్డునుండి వ్రేలాడు దారమును గాని లాగరాదు. దారము ఎండి తానే రాలిపోవును.

పచ్చసొన సంచి కొంత ఇంకను బయటనున్నచో దానిని లోనికి నెట్టరాదు, కత్తిరించరాదు. శుభ్రమైన తడిగుడ్డ పరచిన చిన్న గిన్నెలో పిల్లను కూర్చుండబెట్టి యంత్రములో ఉంచినచో, అది తన్నుకొనక యుండును. సంచి లోనికి పోవుటకు అవకాశము కలుగును. మూసుకొనని బొడ్డు సూక్ష్మజీవులకు తెరచిన వాకిలి వంటిది. అక్కడ పోవిడోన్ అయోడిన్ మందును దూదితో మెల్లగా అద్దవలెను. పొట్ట ఉబ్బి దుర్వాసన వచ్చినచో పశువైద్యునికి చూపవలెను.

అప్పుడే పుట్టిన పిల్ల 35, 40 గ్రాములకు మించదు. అంత చిన్న దేహమునుండి వేడి త్వరగా పోవును. తడి ఆరుచున్నప్పుడు మరింత పోవును. తన వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి ఇంకను రాలేదు. నూగు ఆరిన పిదప మొదటివారము 35 డిగ్రీల వేడి నుంచి, వారమునకు మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించవలెను. ఇందుకై చాలమంది పెట్టెపైన బల్బు వ్రేలాడదీయుదురు. అయితే ఇప్పుడు ఇండ్లలో వాడుచున్న ఎల్.ఇ.డి. బల్బు చాలినంత వేడి నీయదు. తీగ వెలుగు పాతరకపు బల్బుగాని, వేడికై చేసిన దీపముగాని కావలెను. పిల్లలు దీపము క్రింద గుమిగూడి కూయుచున్నచో వేడి చాలలేదు. ముక్కు తెరచి రొప్పుచు దూరముగా పోవుచున్నచో ఎక్కువైనది.

మేత విషయమున తొందర వలదు. కడుపులోనికి చేరిన పచ్చసొనయే రెండు మూడు దినములకు చాలిన ఆహారము. ఒక దినపు పిల్లలను పెట్టెలలో దూరప్రాంతములకు పంపగలుగుట ఇందువలననే. పిల్ల లేచి నిలిచి తల నిలుపగలిగినప్పుడు ముక్కు కొనను గోరువెచ్చని నీటిలో ఒకసారి ముంచినచో చాలును, త్రాగుట నేర్చుకొనును. నోటిలో నీరు పోసినచో ఊపిరిగొట్టములోనికి పోవచ్చును. నీటి మూతలో గులకరాళ్లు వేసినచో పిల్ల మునిగిపోదు. తరువాత కోడిపిల్లల దాణా పెట్టవలెను. నూకలు ఒక్కటే పెట్టినచో ఎదుగుటకు కావలసిన మాంసకృత్తులు చాలవు.

కాళ్లను కూడ గమనింపవలెను. వార్తాపత్రికవంటి నున్నని కాగితముపై బలహీనమైన పిల్ల కాళ్లు ఇరుప్రక్కలకు జారి, అట్లే చాచుకొనిపోవును. గోనెపట్టా పరచినచో పట్టు దొరకును. కాళ్లు చాచుకొనిపోయినచో మొదటి దినముననే మెత్తని అంటుపట్టీతో రెండు కాళ్లను తగినంత ఎడముగా కలిపి రెండు మూడు దినములుంచినచో తరచుగా సరియగును. ఆలస్యమైనకొలది కష్టము.

ఇతర పిల్లలు నెత్తుటి చుక్కనైనను, తడి బొడ్డునైనను పొడుచును. కావున బొడ్డు ఆరి, పిల్ల చక్కగా నడచువరకు దానిని వేరుగా, తక్కినవాటి కూత వినబడు చోట ఉంచవలెను. పెట్టకు అప్పగింపదలచినచో రాత్రివేళ మెల్లగా రెక్కక్రింద చేర్చుట మంచిది.

ఎంత చేసినను అన్ని పిల్లలు బ్రతుకవు. కొన్ని గ్రుడ్డులో తలక్రిందుగా పెరిగినవి, కొన్ని పుట్టుకతోనే లోపము గలవి. కాని మన తొందరవలన చచ్చునవి చావనక్కరలేదు. మూడేండ్ల క్రిందట మా అమ్మ పెట్టిన పొదుగులో మరల ఒక గ్రుడ్డు చిల్లుపడి నిలిచిపోయెను. ఈసారి ఒక పగలు, ఒక రాత్రి వేచియుండి, ఎండిన పొరను తడిపి, తల మాత్రము విడిపించితిని. తక్కినది పిల్లయే చేసికొనెను. అయిదవనాడు గంప ఎత్తి చూచినప్పుడు తొమ్మిది పిల్లలలో అది యేదో మా అమ్మకు గాని నాకు గాని ఆనవాలు తెలియలేదు.