కూత మనది, ముద్ర ఎవరిది?

మా అవనిగడ్డకు కొత్తవారెవరైనా వస్తే ముందుగా కంటబడేవి డి.యస్సీ. శిక్షణ కేంద్రాల బోర్డులు. ఎక్కడెక్కడినుంచో వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, పంతులు ఉద్యోగం కోసం పుస్తకాలతో కుస్తీ పట్టేవారు ఇక్కడ వీధివీధినా కనిపిస్తారు. అటువంటి ఊళ్లో పెరిగిన పిల్ల పుస్తకం పక్కన పెట్టి కబడ్డీ ఆడతానంటే ఇంట్లో ఏమవుతుందో వేరే చెప్పాలా?

మా అక్కయ్య కూతురి సంగతి సరిగ్గా అదే అయింది. తెల్లవారుజామున అయిదింటికి లేచి మైదానానికి పోవడం, మోకాళ్లు గీరుకుని తిరిగి రావడం. అక్కయ్య ఆ దెబ్బలకు పసుపు అద్దుతూ, "ఆడపిల్లకు ఈ చెడుగుడేమిటిరా? నీ మాటైతే వింటుంది, నువ్వైనా చెప్పు" అని నామీద పడింది. ఇంతలో పిల్ల జిల్లా జట్టుకు ఎంపికయింది. రాష్ట్ర పోటీలకు పంపాలి. బావ ఒక్క మాటలో తేల్చేశాడు: "ఈ ఆటవల్ల దానికి ఒరిగేదేమిటో కనుక్కురా. ఏమైనా ఉంటే పంపిస్తాను. లేకపోతే ఇంతటితో సరి."

పంతులుగా రిటైరై ఖాళీగా ఉన్నవాణ్ణి. ఆ పని నెత్తిన వేసుకున్నాను. కనుక్కున్న కొద్దీ నాకే ఆశ్చర్యం వేసింది.

ఊళ్లో ఆడటం వేరు, ఆ ఆట లెక్కలోకి రావడం వేరు. ముందు జిల్లా సంఘం ఎంపిక చెయ్యాలి. జిల్లాల మధ్య పోటీ చూసి రాష్ట్ర సంఘం జట్టు కట్టాలి. ఆ జట్టు భారత అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్య నడిపే జాతీయ పోటీల్లో ఆడాలి. దాని పైన ఆసియా సమాఖ్య, ఆ పైన అంతర్జాతీయ సమాఖ్య. నియమాలూ అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. మగవారి కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. ఆడవారిది 12, 8. మగవారికి ఆట సగం 20 నిమిషాలు, ఆడవారికి 15. లోపల తేడా ఇంతే. అసలు తేడా అంతా కోర్టు బయట ఉంది.

2014లో సమాఖ్య అనుమతితో మషాల్ స్పోర్ట్స్ అనే సంస్థ ప్రో కబడ్డీ లీగు మొదలుపెట్టింది. మొదట ఎనిమిది జట్లు; 2017 నాటికి పన్నెండు. మన తెలుగు టైటాన్స్ మొదటి ఏడాదినుంచీ ఉంది. సంతలో కోడెలకు కట్టినట్టు ఆటగాళ్లకు వేలం. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది. పేరేమో 'అమెచ్యూర్' సమాఖ్య, అంటే డబ్బాశ లేకుండా సరదాకు ఆడేవారిది! ఈ మాట చెప్పినప్పుడు బావ కళ్లు పెద్దవి చేసి, "మరి ఆడపిల్లలకో?" అన్నాడు.

అక్కడే నా గొంతు తగ్గింది. 2016లో ప్రో కబడ్డీతోపాటు మహిళల పోటీ కూడా పెట్టారు. జట్లు మూడే: ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్. చివరి పోటీ హైదరాబాదులో జరిగింది. స్టార్మ్ క్వీన్స్ ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. అంత రసవత్తరమైన పోటీని మరుసటి ఏడాది మళ్లీ పెట్టలేదు.

ఆడినవారు తక్కువవారా అంటే కాదు. ఫైర్ బర్డ్స్ నాయకురాలు మమతా పూజారి ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు గెలిచిన జట్లలో మనిషి. ఉడుపి ప్రాంతంలో పుట్టి, మన దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ ఆడింది. మహిళల కబడ్డీ నిలబడ్డది ఇలాంటి ఉద్యోగాలవల్లనే. జీతం రైల్వేది, సాధన తనది. జాతీయ పోటీల్లో ఏళ్ల తరబడి రైల్వే జట్టుదే పైచేయి కావడంలో వింత లేదు.

మగపిల్లవాడికి వేలం ఉంది. ఆడపిల్లకు కాగితం ఉంది. జాతీయ పోటీల్లో ఆడినట్టు సమాఖ్య ముద్ర వేసి ఇచ్చే సర్టిఫికెట్టే ఆమెకు లీగూ, వేలమూ అన్నీ. మా ఊరివారికి చప్పున అర్థమయ్యే లెక్క ఒకటి చెబుతాను. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం 16,347 పోస్టులకు మెగా డి.యస్సీ. పెట్టినప్పుడు 3 శాతం క్రీడాకారులకు కేటాయించింది. శిక్షణ కేంద్రం గదిలో రాత్రింబవళ్లు చదివే పిల్ల కోరుకునే కుర్చీకే, మైదానంలో కూత పెట్టే పిల్లకూ ఒక దారి ఉందన్నమాట.

ఈ సంగతి విని బావ మెత్తబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఒక కార్యాలయంలో గుమాస్తా నన్ను కూర్చోబెట్టి, "అదంతా సరేనండీ, ఆ సమాఖ్యకు గుర్తింపు ఉందా లేదా అది చూసుకోండి ముందు" అన్నాడు. నా పై ప్రాణం పైనే పోయింది.

ఆ ప్రశ్నకు కారణం లేకపోలేదు. సుమారు మూడు దశాబ్దాలు సమాఖ్యను ఏలిన అధ్యక్షుణ్ణి జీవితకాల అధ్యక్షుణ్ణి చేసి, ఆయన భార్యను అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టారు. పూర్వపు ఆటగాళ్లు కోర్టుకెక్కారు. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఇవి చెల్లవని కొట్టివేసి నిర్వాహకుణ్ణి నియమించింది. అదే నెలలో జకార్తా ఆసియా క్రీడల చివరి పోటీలో మన ఆడపిల్లలు 24-27తో ఇరాన్ చేతిలో ఓడిపోయారు. ఇరాన్ జట్టుకు నేర్పినది ఎవరనుకున్నారు? మన దేశస్థురాలే, శైలజా జైన్!

ఆ తగవు ఏళ్ల తరబడి సాగింది. ఎన్నికైన కార్యవర్గం చేతిలో పగ్గాలు లేవని అంతర్జాతీయ సమాఖ్య మనవారిని సస్పెండు చేసింది. టెహ్రాన్‌లో మహిళల ఆసియా పోటీలు దగ్గరపడుతుంటే, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కల్పించుకుని పగ్గాలు ఎన్నికైనవారికి అప్పగించమంది. దాన్ని గుర్తింపుగా భావించవద్దనీ చెప్పింది. మార్చిలో మన పిల్లలు టెహ్రాన్ వెళ్లి, ఇరాన్‌నే ఓడించి కప్పు తెచ్చారు. నవంబరులో ఢాకాలో ప్రపంచ కప్పూ గెలిచారు. అంతకుముందు 2023లో, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారతదేశానికి నూరవ పతకం తెచ్చినదీ ఈ ఆడపిల్లల కబడ్డీ జట్టే. పెద్దలు కోర్టు మెట్లెక్కి దిగుతున్నా, పిల్లలు మాత్రం కూత ఆపలేదు.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర వివరంగా చెప్పాను. మంచీ చెడూ ఏదీ దాచలేదు. మేనకోడలు ముద్ద చేత్తో పట్టుకునే, "ఆ పైన కూర్చునేవాళ్లలో ఆడవాళ్లు ఎందరున్నారు మామయ్యా?" అని అడిగింది.

2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పాలన చట్టం ప్రకారం ప్రతి సమాఖ్య కార్యవర్గంలోనూ కనీసం నలుగురు మహిళలు ఉండాలని చెప్పాను. గరిష్ఠంగా పదిహేనుమందిలో నలుగురు.

"కోర్టులో ఏడుగురం ఆడతాం. అక్కడ నలుగురేనా?" అంది.

బావ నవ్వాడు. మర్నాడు రాష్ట్ర పోటీలకు ప్రయాణపు ఖర్చులు చేతిలో పెట్టాడు.

రాష్ట్ర జట్టులో ఈసారి దానికి చోటు రాలేదు. ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. ఇక మానేస్తుందేమోనని అక్కయ్య లోలోపల సంతోషించిందో, బాధపడిందో నాకు తెలియదు. మూడోనాడు తెల్లవారుజామున వాళ్లింట్లో అలికిడి వినిపించింది. పిల్ల ఇంకా నిద్రపోతూనే ఉంది.

"అయిదయిందే, లే!" అని తట్టి లేపుతున్నది మా బావ.