సర్వరు సొంత డిస్కు నుంచి లేవాలి

కంప్యూటరు రంగం అనగానే మన హాస్టల్ తమ్ముళ్లకు ప్రోగ్రాములు రాయడమే గుర్తుకొస్తుంది. ఆ ప్రోగ్రాములు నడిచే సర్వర్లను సిద్ధం చేయడమూ మంచి ఉపాధే. డిప్లొమా చదివినవారు కూడా నేర్చుకోవచ్చు. అందులో చాలామంది తేలిగ్గా వదిలేసే ఒక మెట్టు గురించి చెబుతాను.

వంద సర్వర్లు వచ్చాయనుకోండి. ఒక్కొక్కదానికి సీడీ పెట్టి లినక్స్ ఎక్కించలేం. అందుకే నెట్‌వర్క్ ద్వారా ఎక్కిస్తారు. ఈ పద్ధతి పేరు పి.ఎక్స్.ఇ. దీని 2.1 రూపాన్ని ఇంటెల్ సంస్థ 1999లో వెలువరించింది. సర్వరు ఆన్ కాగానే నెట్‌వర్క్ కార్డు తన అడ్రసు అడుగుతుంది. డి.హెచ్.సి.పి. సర్వరు అడ్రసుతో పాటు ఏ ఫైలు తెచ్చుకోవాలో చెబుతుంది. టి.ఎఫ్.టి.పి. ద్వారా ఆ చిన్న ఫైలు వస్తుంది. దాని వెనుకే ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాము వచ్చి డిస్కును చెరిపి, లినక్స్ ఎక్కించి, సర్వరును రీస్టార్ట్ చేస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. పని పూర్తయిందని సర్వరుకు తెలియదు. బూట్ వరుసలో నెట్‌వర్క్ ముందుంటే మళ్లీ దాన్నే అడుగుతుంది. మళ్లీ ఇన్‌స్టలేషనే మొదలవుతుంది. అప్పటికి ఎవరో చేత్తో ఆపి, డిస్కు నుంచి లేపి వదిలేశారనుకోండి. ఆరు నెలల తర్వాత కరెంటు పోయి వస్తే, అది మళ్లీ నెట్‌వర్క్ నుంచి లేచి డిస్కును చెరిపేస్తుంది. అందులో ఉన్నవి ఆసుపత్రి రికార్డులో, విద్యార్థుల మార్కులో కావచ్చు.

దీనికి రెండు జాగ్రత్తలు. మొదటిది సర్వరులో. బూట్ వరుసలో డిస్కును ముందు, నెట్‌వర్క్‌ను తర్వాత పెట్టాలి. కొత్త డిస్కు ఖాళీగా ఉంటుంది కాబట్టి మొదటిసారి తనంతట తానే నెట్‌వర్క్‌కు వెళ్తుంది. పాత డిస్కు అయితే ఐ.పి.ఎం.ఐ. ద్వారా 'ఈ ఒక్కసారికి నెట్‌వర్క్ నుంచి లేవు' అని ఆదేశం ఇవ్వవచ్చు. యు.ఇ.ఎఫ్.ఐ. ఉన్న సర్వర్లలో లినక్స్ ఎక్కాక వరుస ఎలా ఉందో ఇ.ఎఫ్.ఐ. బూట్ మేనేజర్ అనే ఆదేశంతో చూసుకోవాలి.

రెండోది ఇన్‌స్టలేషన్ ఇచ్చే చోట. పని ముగియగానే ఆ సర్వరు పేరిట ఉన్న ఇన్‌స్టలేషన్ ఆదేశాన్ని తీసేసి 'లోకల్ బూట్' పెట్టాలి. అప్పుడు అది నెట్‌వర్క్‌ను అడిగినా 'నీ డిస్కుకే వెళ్లు' అన్న జవాబే వస్తుంది. కాబ్లర్ వంటి సాధనాల్లో ఇది దానంతటదే జరిగేలా అమర్చుకోవచ్చు. రెండూ చేస్తే ఒకటి తప్పినా రెండోది కాపాడుతుంది.

అప్పగించే ముందు ఒక పరీక్ష. నెట్‌వర్క్ కేబుల్ తీసి సర్వరును రీస్టార్ట్ చేయండి. లాగిన్ తెర వస్తే డిస్కు నుంచి లేవగలదని తెలుస్తుంది. తర్వాత కేబుల్ పెట్టి మరోసారి చేయండి. అప్పుడూ డిస్కు నుంచే లేస్తే పని పూర్తయినట్టు.

నేర్చుకోవడానికి రెండు పాత కంప్యూటర్లు, విడిగా ఒక స్విచ్ చాలు. కాలేజీ నెట్‌వర్క్‌లో మాత్రం చేయకండి. మీ డి.హెచ్.సి.పి. మిగతా కంప్యూటర్లకూ అడ్రసులు ఇచ్చి ల్యాబ్ మొత్తాన్ని గందరగోళం చేస్తుంది. 'ఇన్‌స్టలేషన్ తర్వాత ఏం చూస్తావు?' అని ఇంటర్వ్యూలో అడిగితే, చేసి చూసిన తమ్ముడు తడుముకోడు.