హైదరాబాదు భోజనశాలలు

తెలంగాణ రాజధాని అయిన హైదరాబాదు నగరం పలు ప్రాంతాల వంటలకు కూడలి. తెలుగువారి వాడుకలో "హోటలు" అనగా బస చేసే చోటు కంటే భోజనం చేసే చోటు అనే అర్థమే ఎక్కువ. 2019లో యునెస్కో ఈ నగరాన్ని సృజనాత్మక నగరాల జాబితాలో ఆహార సంస్కృతి విభాగం క్రింద చేర్చినది. నగరానికి కొత్తగా వచ్చిన విద్యార్థికి, ఉద్యోగికి రోజూ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎక్కడ తినాలి, ఎంతలో తినాలి అన్నదే. భోజనశాలల రకాలు, వాటిని కనుగొనే పద్ధతులు, ధరలలో లభించే రాయితీల తీరు, వినియోగదారుని హక్కులు ఈ వ్యాసంలో వివరించబడినవి.

వైవిధ్యానికి కారణం

హైదరాబాదు భోజనశాలల వైవిధ్యం ప్రధానంగా వలసల ఫలితం. నిజాం పాలనలో మొగలాయి, దక్కనీ వంటలు కలిసి బిర్యానీ వంటి వంటకాలు రూపుదిద్దుకున్నవి. ఇరాన్ నుండి వచ్చిన కుటుంబాలు చాయ్ హోటళ్ళను తెరచినవి. కర్ణాటక తీరం నుండి ఉడుపి శాకాహార హోటళ్ళు వచ్చినవి. 1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయిన తరువాత కోస్తా, రాయలసీమ ప్రాంతాల నుండి వచ్చినవారితో పాటు మెస్సులు విస్తరించినవి. 1990ల చివర నుండి సాఫ్ట్‌వేర్ పరిశ్రమ పెరగడంతో ఉత్తర భారత, చైనా, ఇటలీ వంటకాలు వడ్డించే రెస్టారెంట్లు మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో వెలసినవి. కనుక ఏ వంట ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలంటే ఆ పేటలో ఎవరు స్థిరపడినారో తెలుసుకోవడం మంచి మార్గం.

ముఖ్యమైన రకాలు

ఇరానీ హోటళ్ళు: ఇవి ఎక్కువగా కూడళ్ళలోని మూల భవనాలలో ఉండేవి. చాయ్, ఉస్మానియా బిస్కత్తు, సమోసా, లుఖ్మీ వీటి ప్రత్యేకతలు. ఒక చాయ్‌ను ఇద్దరు పంచుకొనే "వన్ బై టూ" పద్ధతి ఇక్కడ సర్వసాధారణం. పెరిగిన అద్దెలు, స్థలాల విలువ కారణంగా వీటి సంఖ్య చాలా తగ్గినది. చార్మినారు పక్కన ఉన్న నిమ్రా, 1978లో మొదలైన నీలోఫర్ కేఫ్ ఈ సంప్రదాయంలో పేరు పొందినవి.

బిర్యానీ హోటళ్ళు: సికింద్రాబాదులో 1953లో చిన్న కేఫ్‌గా మొదలైన ప్యారడైజ్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని బావర్చి, పాతబస్తీలోని షాదాబ్ ప్రసిద్ధమైనవి. రంజాన్ మాసంలో వీటిలో పలుచోట్ల హలీం బట్టీలు వెలుస్తాయి. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఉడుపి, టిఫిన్ హోటళ్ళు: ఇడ్లీ, దోసె, పూరీ, ఉప్మా, ఫిల్టర్ కాఫీ వీటి ముఖ్య పదార్థాలు. చాలాచోట్ల నిలబడి తినే ఏర్పాటు ఉంటుంది. అందువలన ధర తక్కువ, వేగం ఎక్కువ.

మెస్సులు, కర్రీ పాయింట్లు: శిక్షణ సంస్థలకు, వసతి గృహాలకు నిలయమైన అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో మెస్సులు అధికం. పప్పు, కూర, సాంబారు, పెరుగులతో అన్నం కోరినంత వడ్డిస్తారు. నెలకు సరిపడా కూపన్లు ముందుగా కొంటే ధర తగ్గించే మెస్సులు కూడా ఉన్నవి. కర్రీ పాయింట్లలో కూరలు మాత్రమే పొట్లాలుగా అమ్ముతారు. గదిలో అన్నం వండుకొని కూర కొనుక్కొనే విద్యార్థులకు ఇవి అతి చౌకైన మార్గం.

బార్కస్ మండీ: నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ దేశపు అరబ్బుల వారసులు బార్కస్‌లో నివసిస్తున్నారు. సైనికుల బారకాసుల నుండే ఆ పేటకు ఆ పేరు వచ్చినది. ఒకే పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం పెట్టుకొని నలుగురు కలిసి తినడం మండీ పద్ధతి. గుంపుగా వెళ్ళినవారికి తలసరి ఖర్చు తగ్గుతుంది.

అటవీ ప్రాంత వంటలు: భద్రాచలం, పర్ణశాల పరిసరాల నుండి గోదావరి వెంట పాపికొండలు, మారేడుమిల్లి వరకు విస్తరించిన మన్యంలో కోయలు, కొండరెడ్లు నివసిస్తారు. మన్యపు వంటకాలలో పర్యాటకులను ఎక్కువగా ఆకర్షించినది బొంగు చికెన్. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి నిప్పులపై కాలుస్తారు. బొంగులోని తేమతోనే మాంసం ఉడుకుతుంది, నూనె అవసరం లేదు. ఈ వంటకం ఇప్పుడు నగరంలోని కొన్ని రెస్టారెంట్లలోనూ లభిస్తున్నది. పచ్చి వెదురును నగరానికి తరలించవలసి ఉన్నందున ఇక్కడ దాని ధర ఎక్కువగా ఉండటం సహజం.

కనుగొనే పద్ధతులు

పూర్వం భోజనశాలను ఎన్నుకోవడానికి తెలిసినవారి మాట, హోటలు ముందున్న రద్దీ ఆధారం. 2008లో ఢిల్లీలో ఫుడీబే అను పేరుతో మొదలై తరువాత జొమాటోగా మారిన సంస్థ, రెస్టారెంట్ల ధరల పట్టికలను ఇంటర్నెట్‌లో ఉంచినది. 2012లో డైన్ఔట్, 2014లో బెంగుళూరులో స్విగ్గీ ప్రారంభమైనవి. 2022లో డైన్ఔట్‌ను స్విగ్గీ కొనుగోలు చేసినది. యాప్‌లలో పైవరుసలో కనిపించే పేర్లలో కొన్ని ప్రకటనకు సొమ్ము చెల్లించినవి కావచ్చును. పాఠకుల సమీక్షలను చదివేటప్పుడు కేవలం నక్షత్రాల సంఖ్యను కాక, ఇటీవలి తేదీలను, ఏ పదార్థం గురించి వ్రాసినారో గమనించడం మేలు.

రాయితీలు పనిచేసే తీరు

మధ్యాహ్న భోజనం రాత్రి కంటే, వారపు రోజులు శని ఆదివారాల కంటే చౌకగా ఉండటం బఫేలలో సాధారణం. ఖాళీగా ఉన్న బల్లలను నింపుకోవడమే హోటలువారి ఉద్దేశం. యాప్ రాయితీలలో గరిష్ఠ పరిమితి ముఖ్యమైనది. ఉదాహరణకు "50 శాతం తగ్గింపు, 100 రూపాయల వరకు" అని ఉన్నచో:

200 రూపాయల బిల్లుపై తగ్గింపు 100, అనగా 50 శాతం.
400 రూపాయల బిల్లుపై తగ్గింపు 100, అనగా 25 శాతం.
1,000 రూపాయల బిల్లుపై తగ్గింపు 100, అనగా 10 శాతం మాత్రమే.

అనగా బిల్లు పెరిగినకొద్దీ రాయితీ విలువ తగ్గుతుంది. ఇంటికి తెప్పించుకొనేటప్పుడు రవాణా, ప్యాకింగు, యాప్ రుసుములు అదనం. యాప్‌లోని ధర హోటలులోని ధర కంటే ఎక్కువగా ఉండటం కూడా కద్దు. కనుక రాయితీ శాతాన్ని కాక చివర చెల్లించే మొత్తాన్ని పోల్చి చూడవలెను.

వివాదాలు

రాయితీ భారం ఎవరిపై పడుతుంది అన్న ప్రశ్న చాలాకాలంగా ఉన్నది. 2017 నవంబరులో జొమాటో గోల్డ్ పథకం మొదలైనది. సభ్యులకు ఒక పదార్థం కొంటే మరొకటి ఉచితంగా లభించేది. సభ్యత్వపు సొమ్ము యాప్‌కు చేరగా, ఉచిత పదార్థం ఖర్చు హోటలు భరించవలసి వచ్చేది. 2019 ఆగస్టులో భారత జాతీయ రెస్టారెంట్ల సంఘం "లాగౌట్" ఉద్యమం చేపట్టగా, దేశంలోని పలు నగరాల రెస్టారెంట్లు ఇటువంటి పథకాల నుండి వైదొలగినవి. 2022 ఏప్రిల్‌లో భారత పోటీ కమిషన్ జొమాటో, స్విగ్గీల వ్యాపార పద్ధతులపై విచారణకు ఆదేశించినది. పేరున్న పెద్ద హోటలు తగ్గింపును తట్టుకోగలదు. తక్కువ లాభంతో నడిచే చిన్న మెస్సుకు అది కష్టసాధ్యం. ధర పెంచడమో, పరిమాణం తగ్గించడమో దానికి మిగిలే మార్గాలు.

వినియోగదారుని హక్కులు

2017 నవంబరు 15 నుండి సాధారణ రెస్టారెంట్లలో వస్తు సేవల పన్ను 5 శాతం. సేవా రుసుము ప్రభుత్వ పన్ను కాదు. దానిని బిల్లులో తమంతట తామే చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసినది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వీటిని సమర్థించినది. ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య 14 అంకెలతో ఉంటుంది. దీనిని 2022 జనవరి 1 నుండి బిల్లుపై ముద్రించడం తప్పనిసరి. కలుషితాహార ఘటనల తరువాత, పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఒక ఏడాది పాటు నిషేధించినది.

ఐదు రూపాయల భోజనం

నగరంలో అతి తక్కువ ధర భోజనానికి యాప్ అవసరం లేదు. 2014లో నగరపాలక సంస్థ, హరేకృష్ణ మూవ్‌మెంట్ ఛారిటబుల్ ఫౌండేషన్ కలిసి అన్నపూర్ణ పథకాన్ని ప్రారంభించినవి. అన్నం, కూర, పప్పు లేదా సాంబారు, పచ్చడి గల మధ్యాహ్న భోజనం 5 రూపాయలకు లభిస్తుంది. మిగిలిన ఖర్చును ప్రధానంగా నగరపాలక సంస్థ భరిస్తుంది. 2025లో ఈ కేంద్రాలకు ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చి, ఉదయపు టిఫిన్‌ను కూడా 5 రూపాయలకు అందించడం మొదలైనది. కూలీలు, ఆటో నడిపేవారు, ఆసుపత్రులకు వచ్చిన రోగుల బంధువులు, ఉద్యోగ పరీక్షలకు చదివే నిరుద్యోగులు వీటిని ఎక్కువగా ఉపయోగించుకుంటారు.